కోటు అంచులో బరువు

పోయిన వారం మనం మడతమ్మను ఓడ లిఫ్టులో, ఊపిరి బిగబట్టి నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే వదిలేసి వచ్చాం. పక్కన నల్లకోటులో మొగుడు. ఆయన కోటు చేతి చివరనున్న నల్ల పట్టీని వేలితో నిమురుతూ, "ఇంత పనిమంతుడైన దర్జీ ఎవరో ఇంకా చెప్పలేదేమోయ్?" అని అడిగాడు. మడతమ్మ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి నిజం రాబోయిందో, ఇంకో అబద్ధం రాబోయిందో ఆవిడకే తెలియదు. ఈలోగా లిఫ్టు ఆగింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మడతమ్మది లాండ్రీ. చేతిలో గుడ్డముక్క పడితే మడత పెట్టకుండా కింద పెట్టదు. హోటల్లో చేతులు తుడుచుకున్న కాగితాన్ని కూడా నాలుగు మడతలు పెట్టి మరీ పారేస్తుంది. అందుకే ఆ పేరు. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, వీధి వీధంతా లిఫ్టాయన అంటారు. మనిషి ఆజానుబాహువు. లిఫ్టు గోతిలో ఏ మూలనో ఉన్న బోల్టును నిచ్చెన లేకుండా అందుకునే ఆ చేతులే పాతికేళ్ళ కిందట ఇదే ఓడలో ఆయన పరువు తీశాయి.

ఆ రోజుల్లో ఓడ భోజనాల హాల్లోకి రాత్రిపూట కోటు లేని మగవాణ్ణి రానిచ్చేవారు కాదు. లిఫ్టాయనకు కోటు లేదు. తలుపు పక్కనున్న బీరువాలోంచి అరువు కోటు ఒకటి తెచ్చి తొడిగారు. దాని చేతులు ఆయన మోచేతులు దాటి ఇంకాస్త వచ్చి ఆగిపోయాయి. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కోటు విప్పి, శుభ్రంగా మడతపెట్టి తిరిగిచ్చేశాడు. "నువ్విక్కడే కూర్చో, పిల్ల ఆకలికి ఆగలేదు" అని పెళ్ళానికి చెప్పి, పై అంతస్తుకు వెళ్ళి నిలబడి రెండు బ్రెడ్డుముక్కలు తిన్నాడు. మడతమ్మ కూర్చుంది. అలా కూర్చున్నందుకు ఆవిడ తనను తాను ఇంతవరకు క్షమించుకోలేదు.

ఆ తర్వాత ఆయన కోటు అనే మాట ఎత్తలేదు. సొంత కూతురి పెళ్ళికి కూడా చొక్కాతోనే నిలబడ్డాడు. ఆ రాత్రి గురించి ఎవరైనా అడిగితే, "ఆ రాత్రి ఒక ఇత్తడి స్క్రూ పోగొట్టుకున్నాను" అంటాడు, అంతే. ఓడ లిఫ్టులో బటన్ల ప్లేటు నుంచి ఊడిపోతున్న స్క్రూ అది. భోజనం అయ్యాక పనిముట్టు అడిగి బిగిద్దామని గుప్పెట్లో పట్టుకుని వెళ్ళాడట. తర్వాత చూస్తే లేదట. లిఫ్టాయన జీవితంలో పోగొట్టిన స్క్రూ అదొక్కటేనని ఇంటిల్లిపాదీ ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

ఈసారి పెళ్ళిరోజు కానుకగా కూతురూ అల్లుడూ ఓడ టికెట్లు తెచ్చి చేతిలో పెడితే, ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, "వస్తాను. కోటు వేసుకుని వస్తాను. ఆ తలుపులోంచే లోపలికి వెళ్తాను" అన్నాడు. మడతమ్మ కొత్తకోటు కుట్టించింది. అంటే, కుట్టించానని చెప్పింది.

అసలు సంగతి మీకూ నాకూ మడతమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఓడ కంపెనీవాళ్ళు తమ అరువు కోట్లను ఒకసారి మూటగట్టి ఉతకడానికి ఆవిడ కొట్టుకు పంపారు. తీసుకెళ్ళడానికి మాత్రం ఎవరూ రాలేదు. కొట్టు వెనక గదిలో అడిగేవాళ్ళు లేని బట్టల కోసం ఒక దండెం ఉంటుంది, దాన్ని అనాథల దండెం అంటారు. ఏడాది వేలాడాక అవి కొట్టువే అవుతాయి. కొత్తకోట్లు కుట్టించుకుని ఉంటారు, పాతవి వదిలేశారు అనుకుంది మడతమ్మ. ఒకరోజు ఆ కోట్లను దులుపుతుంటే ఒకదాని ఎడమచేతి గుండీ మీద కన్ను పడింది. మిగతా గుండీలకు నాలుగు రంధ్రాలు, దానికి రెండే. ఆ రాత్రి మొగుడి మోచేతి కింద ఆగిపోయిన చేతిని చూడలేక ఆవిడ చూస్తూ నిలబడ్డ గుండీ అదే. "ఈ కోటు నా మొగుడికి సరిపోలేదని కదూ నవ్వారు? దీన్నే సరిపోయేలా చేస్తాను" అనుకుంది. ఇంకో అనాథ కోటును విప్పి చేతులకు గుడ్డ అతికింది, అతుకు కనపడకుండా నల్ల పట్టీ వేసింది, పక్కలు వదులు చేసింది, చిరిగిన జేబు కుట్టింది. మొగుడికి తెలిస్తే మాత్రం ఏమవుతుందో తలుచుకున్నప్పుడల్లా ఆవిడకు గుండెల్లో రాయి పడుతోంది.

ఇదీ కథ. ఇక లిఫ్టు తలుపు తెరుచుకుంది.

*

పొడవాటి వరండా, కాలు పెడితే కూరుకుపోయే తివాచీ, చివర ఆ తలుపు. తలుపు మారలేదు. రెండు రెక్కల మీద అదే ఇత్తడి పిడి, పక్కన అదే నిలువెత్తు అద్దం. లిఫ్టాయన అద్దం ముందు ఆగి మెడ దగ్గర సర్దుకున్నాడు. మడతమ్మ ఆయన భుజం మీద లేని దుమ్ము దులిపింది. ఎన్నో ఏళ్ళుగా ఆ భుజాల మీద చొక్కాలే ఇస్త్రీ చేసి వేసింది తప్ప కోటులో చూడలేదు. మనిషి ఎంత బాగున్నాడో! పెళ్ళికొడుకప్పుడు కూడా ఇంత బాగాలేడు అనుకుంది. అనుకున్నదాన్ని పైకి కూడా అనేసింది.

"అప్పుడు బాగాలేనా?" అన్నాడాయన.

"అప్పుడు భయపడుతూ ఉన్నారు."

"ఇప్పుడు మాత్రం భయం లేదనుకున్నావా?" అని ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. అద్దంలో వెనకనుంచి అల్లుడు కనిపించాడు.

అల్లుడు ముస్తాబై వచ్చాడు. ఆయన ముస్తాబంటే పెద్దపెద్ద పువ్వుల చొక్కా, మోకాళ్ళ దాకా నిక్కరు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. పక్కన కూతురు, ఎండకు కందిపోయిన ముక్కుతో, తడి జుట్టుతో.

"బాబూ, మీరింకా బట్టలు మార్చుకోలేదా?" అంది మడతమ్మ.

"మార్చుకున్నానత్తయ్యా. పొద్దున్నది ఎర్ర నిక్కరు, ఇది నీలం."

"ఈ నిక్కరుతో మిమ్మల్ని లోపలికి రానిస్తారనుకుంటున్నారా?"

అల్లుడు పెళ్ళాం మొహం చూశాడు. పెళ్ళాం నేల చూసింది. "అమ్మా... నాన్నకి తెలుసనుకున్నాను. ఇప్పుడు ఆ రూల్ లేదు. తీసేసి చాలా రోజులైంది. ఎవరిష్టం వాళ్ళది."

ఆ మాట పూర్తయ్యేలోపే ఒక కుటుంబం వాళ్ళను దాటుకుని లోపలికి వెళ్ళింది. పెద్దాయన బనీనులాంటి చొక్కాలో, ఆయన కొడుకు ఈత కొట్టి వచ్చిన నిక్కరులో. తలుపు దగ్గర నెరిసిన జుట్టుతో నిలబడ్డ, హాలు వడ్డనలు చూసుకునే పెద్ద స్టీవార్డు వాళ్ళకు నవ్వుతూ దారిచ్చాడు. తలుపు పక్కన బీరువా ఉండాల్సిన చోట పూలకుండీ ఉంది. లోపల హాలంతా కిటకిటలాడుతోంది. అంతమందిలో కోటు వేసుకున్నవాడు లిఫ్టాయన ఒక్కడే.

ఆయన అద్దం ముందునుంచి కదల్లేదు.

"నాన్నా, కోటు విప్పేసెయ్యి, హాయిగా ఉంటుంది. లోపల ఉక్క కూడాను" అంది కూతురు. మంచికే అంది పాపం. మడతమ్మ కూతురి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"విప్పెయ్యడమేంటమ్మా? ఇందుకోసమేగా వచ్చాను" అన్నాడు లిఫ్టాయన. గొంతు మామూలుగానే ఉంది. మామూలుగా ఉన్నందుకే మడతమ్మకు భయం వేసింది. కోపం వస్తే ఆయన అరుస్తాడు, అరిస్తే ఆవిడకు దిగులుండదు. "పాతికేళ్ళు ఈ తలుపు గురించి ఆలోచించాను. కోటు వేసుకుని వస్తాను, వాళ్ళు నన్ను పైనుంచి కింది దాకా చూస్తారు, చూసి పక్కకు తప్పుకుంటారు. అంతే నాకు కావాల్సింది. ఇప్పుడేమో తలుపు బార్లా తెరిచిపెట్టారు. ఎవరొచ్చినా రమ్మంటున్నారు. ఇంక నేను లోపలికెళ్తే ఏం? వెళ్ళకపోతే ఏం?"

"మామయ్యా, సెలవుల్లో కూడా బట్టలకి పరీక్ష పెట్టడం ఏం బాగుంటుంది చెప్పండి" అన్నాడు అల్లుడు మెల్లగా. "మా ఆఫీసులో రోజూ మెడకి టై కట్టుకుని చస్తున్నాను. ఇక్కడికి వచ్చేదే అది విప్పెయ్యడానికి. ఈ రూలే ఉండుంటే ఆ రోజు మిమ్మల్ని పంపించినట్టు ఈ రోజు నన్ను పంపేసేవాళ్ళు. అది పోయి మంచిదే అయింది కదా?"

"మంచిదే బాబూ. నేను కాదన్నానా?" అన్నాడాయన. "నువ్వు నిక్కరుతో వెళ్ళి తినడం నాకు సంతోషమే. నా బాధ నీ నిక్కరు గురించి కాదు."

అల్లుడు అనవసరంగా నిక్కరు కిందికి లాక్కున్నాడు. మంచి పిల్లవాడు. మామగారంటే ఆయనకు ప్రాణం. మామగారు పాత లిఫ్టుల కథలు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేది ఈ ఇంట్లో ఆయనొక్కడే. ఏం చెయ్యాలో తోచక, "ఒక్క నిమిషం" అని రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ వరండాలో పరిగెత్తుకుపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

లిఫ్టాయన ఇంకొంచెంసేపు అద్దంలో తనను తాను చూసుకున్నాడు. తర్వాత ఎవరూ అనుకోని పని చేశాడు. గుండీలన్నీ పెట్టుకుని, నిటారుగా నడుచుకుంటూ వెళ్ళి పెద్ద స్టీవార్డు ముందు ఆగాడు.

"దయచేయండి సార్" అన్నాడు స్టీవార్డు, పక్కకు తప్పుకుంటూ.

"అలా తప్పుకోకండి. ముందు చూడండి."

"ఏం చూడమంటారు సార్?"

"నన్ను. కోటు సరిగ్గా ఉందో లేదో చూడండి. బాగాలేదనుకోండి, వెనక్కి పంపెయ్యండి, నేనేమీ అనుకోను. కానీ చూడకుండా మాత్రం రానివ్వకండి."

వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరో నవ్వబోయి మానేశారు. కూతురు సిగ్గుతో మొహం తిప్పుకుంది. మడతమ్మకు మాత్రం అటు ఏడుపూ ఇటు నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఈ మనిషిని ఇన్నేళ్ళు ఎలా భరించానురా భగవంతుడా అనుకుంది. ఇంకో ఇన్నేళ్ళు భరించే భాగ్యం ఇమ్మని కూడా అనుకుంది.

స్టీవార్డు ఆయనను రెండు క్షణాలు చూశాడు. ఆ కళ్ళలో ఏదో మెరిసింది. చేతిలోని మెనూ అట్టను కింద పెట్టి, తన తెల్లకోటు సర్దుకుని, మడమలు దగ్గరకు చేర్చి నిలబడ్డాడు. తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"క్షమించాలి సార్. ఈ హాల్లోకి కోటు లేనిదే ప్రవేశం లేదు. ఒకసారి చూడనివ్వండి" అన్నాడు, వెనక బనీనుల్లో, నిక్కర్లలో నిలబడ్డవాళ్ళు తెల్లబోతుండగా.

చూడడం మొదలుపెట్టాడు. ఊరికే పైపైన కాదు. భుజాల కుట్టు చూశాడు. చేతులు చాపమన్నాడు. కోటు చేతులు మణికట్టు దాకా వచ్చి, చొక్కా అంచును వేలెడంత చూపించి ఆగాయి. నల్ల పట్టీని రెండు వేళ్ళతో పట్టి చూసి తల ఊపాడు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి, "దిగడం ఎంత బాగా దిగిందో సార్! అంచులో బరువు పెట్టి కుట్టినట్టున్నారు" అన్నాడు.

మడతమ్మ లోలోపల పొంగిపోయింది. నిజమే, బరువుంది. ఎడమ అంచు మీద ఇస్త్రీపెట్టె పోనిస్తుంటే దాని ముక్కుకు ఏదో గట్టిగా తగిలింది. పెద్ద దర్జీలు కోటు నిటారుగా దిగడానికి లైనింగులో చిన్న బిళ్ళ వేసి కుట్టడం ఆవిడ ఎరుగును. ఎన్ని కోట్లు ఉతికి ఉంటుంది! ఎవరో పెద్ద పనివాడే కుట్టాడని గౌరవంగా దాన్ని అలాగే ఉంచేసింది.

ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. స్టీవార్డు "మెడ కొంచెం లేచింది, ఉండండి సార్" అంటూ కాలరు ఎత్తాడు.

కాలరు కింద ఎర్రదారంతో కుట్టిన ఒక అంకె ఉంది. బీరువా కోట్లకు వేసే అంకె. కోటును ఇన్నిచోట్ల విప్పి కుట్టిన మడతమ్మ ఆ ఎర్రదారాన్ని మాత్రం ముట్టుకోలేదు. లాండ్రీవాళ్ళు ఎదుటివాళ్ళ గుర్తు విప్పరు. విప్పితే అది దొంగతనం కింద లెక్క. కత్తెర రెండుసార్లు దగ్గర పెట్టింది కానీ చెయ్యి రాలేదు. కాలరు కింద కదా, ఎవరు చూస్తారులే అనుకుంది.

స్టీవార్డు చూశాడు. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తల ఎత్తి, వెనక్కి తిరిగి మడతమ్మ వైపు చూశాడు. మడతమ్మ చేతులు జోడించలేదు గానీ, కళ్ళతో ఎంత బతిమాలాలో అంతా బతిమాలింది.

"ఏమైంది? ఏదైనా తేడా ఉందా?" అన్నాడు లిఫ్టాయన, మెడ తిప్పకుండా.

స్టీవార్డు కాలరు కిందికి దించి, అరచేత్తో నెమ్మదిగా అదిమాడు.

"తేడా ఏమీ లేదు సార్. ఇంత శ్రద్ధగా కుట్టిన కోటు ఈ తలుపు దగ్గరకొచ్చి చాలా కాలమైంది. కుట్టినవాళ్ళకి మీరంటే చాలా ఇష్టమై ఉండాలి." అని పక్కకు జరిగి, రెండు రెక్కలనూ తానే పట్టుకుని నిలబడ్డాడు. "దయచేయండి. మీ కోసమే చూస్తున్నాం."

లిఫ్టాయన లోపలికి అడుగు పెట్టాడు. పాతికేళ్ళ కిందట ఆగిపోయిన అడుగు అది. మడతమ్మ ఆయన వెనకే నడుస్తూ కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్న రుమాలు మడత పెట్టుకుంది.

*

కిటికీ పక్క బల్ల. బయట సముద్రం చీకటి పడక ముందు ఉండే ఊదారంగులో ఉంది. లిఫ్టాయన కుర్చీలో వెనక్కి ఆనుకోకుండా, కోటు నలగకుండా కూర్చున్నాడు. సూప్ వచ్చింది. పక్క బల్ల ముసలావిడ ఆయనను చూసి తన మొగుడి మోచేతిని పొడిచింది. "చూడండి, ఆయన ఎంత చక్కగా ముస్తాబై వచ్చారో! మీరేమో పడుకున్న బట్టలతోనే లేచొచ్చారు." ఆ మొగుడు లిఫ్టాయనను ఇలా ఇరికించావా అన్నట్టు చూశాడు. లిఫ్టాయన చెవులు ఎర్రబడ్డాయి. సంతోషమైతే ఆయన చెవులు ఎర్రబడతాయి.

బ్రెడ్డు బుట్ట పెట్టే మిషతో స్టీవార్డు మడతమ్మ పక్కకు వచ్చి వంగాడు.

"చేతులు పొడిగించింది మీరేనామ్మా?" అన్నాడు, ఆవిడకు మాత్రమే వినపడేట్టు.

మడతమ్మ తల ఊపింది.

"ఆ ఎర్రదారం నేను కుట్టిందే. అప్పుడు ఆ బీరువా నా చేతిలో ఉండేది. ఎంతమందికి తొడిగానో, ఎంతమందిని వెనక్కి పంపానో. ఇప్పుడు రూలు తీసేశాక హాలు నిండుతోంది, పిల్లాజెల్లా అందరూ వస్తున్నారు. నాకూ అదే బాగుంది. అయితే అద్దం దగ్గర ఒక్కరూ ఆగడం లేదమ్మా, అదొక్కటే లోటు." బ్రెడ్డు బుట్టను ఆవిడ వైపు జరిపాడు. "ఆ రోజు ఈ కోటు తెచ్చి ఆయనకి తొడిగింది నేనే. ఎవరో నవ్వితే నేనూ నవ్వాను. కుర్రతనం. విప్పిన కోటుని అంత చక్కగా మడిచి చేతికిచ్చిన మనిషి ఆయన ఒక్కడే. అందుకే మర్చిపోలేదు."

"ఆయనకి చెప్పకండి" అంది మడతమ్మ. "కొత్తదనుకుంటున్నారు. ఆ కోటే అని తెలిస్తే..."

"నేను చెప్పనమ్మా" అని ఆయన వెళ్ళిపోయాడు.

మడతమ్మ గుండె మీదినుంచి బరువు దిగింది. ఇక ఫర్వాలేదు అనుకుంది. ఇలా అనుకున్నప్పుడే మనకేదో మూడుతుందని ఆవిడకు తెలియనిది కాదు, అయినా అనుకుంది.

అప్పుడే హాలు తలుపు దగ్గర ఒక గోల. నలుగురైదుగురు లేచి నిలబడ్డారు. పక్క బల్ల ముసలావిడ "అయ్యో, ఓడ మునుగుతోందా?" అని గుండె పట్టుకుంది. చూస్తే అల్లుడు. పువ్వుల చొక్కా మీద, నారింజరంగు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, బెల్టులన్నీ బిగించుకుని, ఈల కూడా మెడలో వేలాడుతుండగా, బల్లల మధ్యనుంచి హుందాగా నడిచి వస్తున్నాడు.

"ఏంటిది?" అంది కూతురు, పళ్ళ సందునుంచి.

"గదిలో కోటులాగా ఉన్నది ఇదొక్కటే దొరికింది" అన్నాడు అల్లుడు. మామగారి ముందు నిలబడి చేతులు చాపాడు. "మామయ్యా, ఒకసారి చూడండి. సరిగ్గా ఉందా? లేదంటే వెనక్కి పంపెయ్యండి."

లిఫ్టాయన చెంచా కింద పెట్టాడు. అల్లుణ్ణి పైనుంచి కింది దాకా చూశాడు. బెల్టు ఒకటి లాగి బిగించాడు, మెడలో ఈలను మధ్యకు జరిపాడు. మొహంలో నవ్వు లేకుండా, "చేతులు లేవు గానీ, బాగానే ఉంది. దయచేయండి" అన్నాడు. అని ఇక ఆపుకోలేకపోయాడు. ఆయన నవ్వితే బల్ల కూడా కదులుతుంది. గ్లాసులు గలగలలాడాయి. కూతురు నవ్వింది, ముసలావిడ నవ్వింది, ఓడ మునగడం లేదని తేలినవాళ్ళందరూ నవ్వారు. ఇదే హాల్లో ఒకప్పుడు ఆయనను చూసి నవ్విన నవ్వు ఇదిగో ఇప్పుడు ఆయనతో కలిసి నవ్వుతోంది అనిపించింది మడతమ్మకు. ఈ ఒక్క సాయంత్రం ఇలాగే ఉండిపోతే బాగుండును అనుకుంది.

నవ్వి నవ్వి లిఫ్టాయన కుర్చీలో వెనక్కి వాలాడు. కోటు ఎడమ అంచు ఊగి కుర్చీ ఇనప కాలికి తగిలింది.

టక్.

చిన్న చప్పుడే. ఆ గోలలో ఇంకెవరికీ వినపడలేదు. కానీ లిఫ్టు ఏ అంతస్తులో ఏ కప్పీ అరుగుతోందో చెవితో చెప్పే మనిషాయన. నవ్వు సగంలో ఆగింది. అంచును చేతిలోకి తీసుకుని, వేళ్ళతో తడిమాడు. తడిమిన చోటే మళ్ళీ తడిమాడు. బొటనవేలి గోరు గుడ్డ మీదినుంచే దేన్నో చదువుతున్నట్టు గుండ్రంగా తిరిగింది.

"కోటు నిటారుగా దిగడానికి పెట్టిన బరువండీ అది" అంది మడతమ్మ.

ఆయన బల్ల మీది కత్తి తీసుకుని, దాని మొనతో అంచు కుట్టును రెండు పోగులు తెంపాడు. పాడుచెయ్యకుండా, ఎంతో నేర్పుగా తెంపాడు. లోపలికి వేలు పోనిచ్చి బయటికి తీశాడు. తీసినదాన్ని తెల్లటి బల్లగుడ్డ మీద, సూప్ గిన్నె పక్కన పెట్టాడు.

ఇత్తడి స్క్రూ. తల మీద గీతకు బదులు రెండు చిన్న రంధ్రాలు. లిఫ్టు బటన్ల ప్లేట్లకు తప్ప ఇంకెక్కడా వాడని రకం.

మడతమ్మకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ రాత్రి కోటు తొడుగుతుంటే చెయ్యి ఖాళీ కావాలి కదా, గుప్పెట్లో ఉన్నదాన్ని ఆ కోటు జేబులోనే వేసుకున్నాడు. జేబు చిరుగు. అది లైనింగులోకి జారింది. ఆయనేమో చొక్కా వెతికాడు, ప్యాంటు వెతికాడు, లిఫ్టంతా వెతికాడు. ఆ కోటును మాత్రం తలుచుకోవడానికే మనసొప్పక, అందులో ఉండొచ్చని పాతికేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. జేబులు చూడకుండా చొక్కానైనా నీళ్ళలో వెయ్యని మడతమ్మ, ఆ జేబు చిరుగును తన చేతులతోనే కుట్టి, ఆ స్క్రూను అందులోనే భద్రంగా పెట్టి ఆయనకు తొడిగింది.

అల్లుడు ఈలను చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కూతురు తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఆ కోటేనా?" అన్నాడు లిఫ్టాయన.

"ఏవండీ, నేను చెప్పేది..."

"ఆ కోటేనా, కాదా?"

"ఆ కోటే" అంది మడతమ్మ.

ఆయన స్క్రూను తీసి గుప్పెట్లో బిగించాడు. చాలాసేపు ఆ గుప్పెటనే చూశాడు. కోపమొచ్చిందా అంటే మొహంలో కోపం లేదు. అలాగని నవ్వూ లేదు. ఇన్నేళ్ళ కాపురంలో మడతమ్మ చదవలేకపోయిన మొహం అదొక్కటే. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నువ్విక్కడే కూర్చో" అన్నాడు. అప్పుడూ ఇదే మాట.

బల్లల మధ్యనుంచి నడిచి తలుపు దాకా వెళ్ళాడు. పెద్ద స్టీవార్డు ఆయన రావడం చూసి, ఆ గుప్పెట చూసి, నిలబడ్డచోటే నిలబడిపోయాడు. లిఫ్టాయన కోటు అంచు పట్టి చూపిస్తూ ఏదో అడిగాడు. ఇక్కడికి వినపడలేదు. స్టీవార్డు ఒకసారి మడతమ్మ వైపు చూసి, తల దించుకుని, అవునన్నట్టు ఊపాడు.

లిఫ్టాయన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పసాగాడు. పైదీ, దాని కిందదీ. కోటు తీశాడు. చేతులు లోపలికి, కాలరు బయటికి, అంచు మీద అంచు వచ్చేలా, అచ్చం ఆ రోజు మడిచినట్టే మడతపెట్టాడు. మడత పైన మడతమ్మ వేసిన నల్ల పట్టీలు రెండూ పక్కపక్కన కనిపిస్తున్నాయి. ఆ మడతను రెండు చేతులతో పట్టుకుని స్టీవార్డు ముందుకు చాపాడు.

మడతమ్మ ఒళ్ళోంచి రుమాలు జారి కింద పడింది. జీవితంలో మొదటిసారి ఆవిడ దాన్ని తీసి మడత పెట్టలేదు. ఈసారి కూర్చునీ ఉండలేదు, లేచి నిలబడింది.